బతుకమ్మెక్కిన చాపగడ్డి

మా కాలేజీ బోటనీ ల్యాబులో ఒక పాత బీరువా ఉంది. దాని కింది అరలో, అట్టలకు కుట్టి దాచిన ఎండు మొక్కల మధ్య ఒకటి మాత్రం గులాబీ రంగులో ఉంటుంది. నేను రిటైరయ్యాక నా కుర్చీలోకి వచ్చిన కొత్త లెక్చరరమ్మ మొన్న ఫోన్ చేసింది. "మేడమ్, ఈ తుంగ పువ్వు గోధుమ రంగు అని అన్ని పుస్తకాల్లో ఉంది. మన చెరువులో మాత్రం గులాబీ పూస్తుందా? కొత్త రకమేమో అని పిల్లలు ఫోటోలు తీసి పంపుకుంటున్నారు" అంది. కొత్త రకం కాదమ్మా, దానికి రంగు వేసింది మా తెలుగు లెక్చరర్ అని చెప్పాను. ఆ పిల్ల ఆరోగ్యం జాగ్రత్త మేడమ్ అని ఫోన్ పెట్టేసింది. పెద్దావిడకు మతిమరుపు మొదలైందనుకుని ఉంటుంది. అందుకే కథ మొత్తం రాసి పెడుతున్నాను. బోటనీ చదివే పిల్లలు ముఖ్యంగా చదవాలి, పూల బకెట్ ఎక్కడ పెట్టకూడదో తెలుస్తుంది.

నాది పాలమూరు వైపు పల్లె. సర్వీసులో చివరి ఏళ్లు మాత్రం నల్లగొండ జిల్లాలో గడిచాయి, హైవే మీద కట్టంగూరు పోయే బస్సు దిగి ఆటో ఎక్కితే వచ్చే ఒక చిన్న టౌనులో. టౌను పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. అందరూ ఇంకా నాతో ఫోన్లో మంచిగా మాట్లాడుతున్నారు, ఆ మంచితనాన్ని పాడుచేసుకోవడం నాకు ఇష్టం లేదు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు ప్రతి టౌనుకూ సొంత ట్యాంక్‌బండ్ కావాలనే కోరిక పుట్టింది. మా చెరువు కట్ట మీదా రంగురంగుల ఇటుకలు పరిచారు, సిమెంటు బల్లలు వేశారు, ముందు నిలబడి సెల్ఫీ దిగడానికి ఊరి పేరు మనిషెత్తు అక్షరాల్లో పెట్టారు. అన్నీ కుదిరాయి కానీ చెరువే కనబడటం లేదు, జమ్ము కమ్మేసింది. జమ్ము మీకు తెలిసే ఉంటుంది. కత్తుల్లాంటి ఆకులు, పైన సీకు కబాబులాంటి కంకి. అదీ మన నేల మొక్కే. మామూలుగా అయితే తన హద్దులో తాను ఉంటుంది, టౌను మురుగు వచ్చి పడితే మాత్రం దాన్ని ఆపలేం.

ఆ పని చూసే ఇంజనీరు వయసులో చిన్నవాడు, మర్యాదస్తుడు, ఎప్పుడు చూసినా రెండు ఫోన్లు మోగుతుండేవి. ఒకరోజు కాలేజీకి వచ్చి నా ఎదుట కూర్చున్నాడు.

"మేడమ్, చెరువుల ఉన్నదంతా జమ్మే అని ఒక లెటర్ రాసియ్యండి. బోటనీ వాళ్ల మాట ఉంటే మంచిదంటున్నరు పై సార్లు. సద్దుల బతుకమ్మకు చెరువు అద్దం లెక్క కనబడాలె. అంతకు ముందే తవ్వే మిషన్ దొరికింది, మల్ల వేరే చెరువుకు పోతది."

చూడకుండా ఎలా రాస్తాను, చూసి రాస్తానన్నాను. చూడటానికి ఏముంది మేడమ్ అన్నట్టు ముఖం పెట్టాడు కానీ పైకి అనలేదు.

సాయంత్రం కట్ట మీద నడుచుకుంటూ పోయాను. అంతా జమ్మే. చివర, పాత తూము పక్కన చౌడు నేల మూలకు పోయేసరికి ఆకారం మారింది. అక్కడి గడ్డికి ఆకులే లేవు. గుండ్రటి పచ్చటి కాడలు, మనిషి నడుము దాటి నిటారుగా, ఉల్లికాడల్లా నున్నగా ఉన్నాయి. ఒకటి విరిచి చూశాను. లోపల తెల్లటి బెండు. తుంగ జాతి కాడలు మూడంచులుగా ఉంటాయని సర్వీసంతా పిల్లలకు బోర్డు మీద గీసి చూపించినదాన్ని నేను. ఈ కాడ నా పాఠాన్ని లెక్కచేయకుండా గుండ్రంగా నిలబడింది.

అయినా వాసన తెలిసిందే. చిన్నప్పుడు మా ఇంట్లో మంచం ఒకటే, అది బాపుది. మేము పిల్లలమంతా చాప మీదే. వానాకాలంలో కొత్త చాప పరిస్తే ఇల్లంతా ఇదే పచ్చి వాసన. యాభై ఏళ్లు దాటిన ఆడమనిషిని, చేతిలో కాడ పట్టుకుని చెరువు ఒడ్డున నిలబడి వాసన చూస్తూ ఉండిపోయాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. వాకింగుకు వచ్చినవాళ్లు చూసి దూరం నుంచే తిరిగిపోయారు.

"గడ్డి వాసన జూస్తున్నవేంది మేడమ్, బర్రె లెక్క" అన్నది వెనక నుంచి ఒక గొంతు.

చేతిలో కొడవలి, నెత్తిన తలగుడ్డ, మోకాళ్ల దాకా బురద. ఆ మూలలో గడ్డి కోసి చాపలు అల్లే మనిషి, టౌనులో అందరికీ చాపలమ్మ. నాకంటే చిన్నదే, మాటలో మాత్రం నాకంటే పదేళ్లు పెద్ద. నేను వచ్చిన పని చెప్పాను. మిషన్ వస్తుందన్న మాట వినగానే ఆమె ముఖం మారింది.

"గీ మూల గూడ తవ్వుతరా? గిది పోతే నేనేం అల్లాలె? నాట్లకు పోదామంటే నడుము వంగుత లేదు."

"ఇది జమ్ము కాదని నేను రాసిస్తే విడిచిపెడతారేమో చెల్లె. ముందు ఇదేందో నాకు తెలియాలి."

"గిదా? చాపగడ్డి."

"ఆ పేరు నాకూ తెలుసు. పుస్తకంలో పేరు కావాలి. దానికి పువ్వు కావాలి. పువ్వు ఎక్కడ?"

ఆమె నన్ను జాలిగా చూసింది. "పువ్వు యాడికెల్లి వస్తది మేడమ్? పూయకముందే కోస్తం. పూసినంక కోస్తే పువ్వు కాడనే ఇరుగుతది, చాప మీద కూసున్నోనికి గుచ్చుకుంటది. నీకు పువ్వు లేకుంటే పేరు చెప్పరాదా?"

"రాదు."

"మరి పిలగాండ్లకేం చెప్తవ్?"

తుంగ కుటుంబమంతా ఇదే తలనొప్పి. కాడలు ఒకేలా ఉంటాయి, గింజ చూస్తే కానీ ఎవరు ఎవరో చెప్పలేం. ఆ మూలను ఏళ్ల తరబడి కాపాడుకుంటూ వచ్చింది ఆమే, దానికి పేరు దొరక్కుండా చేసిందీ ఆమే. ఈ సంగతి చెప్తే కొడవలి నా మీదికి వస్తుందని చెప్పలేదు. కొంచెం గడ్డి కోయకుండా ఉంచమని బతిమాలాను.

"సరే, ఒక పిడికెడు ఇడుస్త. గని పేరు తెల్సినంక ముందుగాల నాకే చెప్పాలె. మా తాత కాన్నుంచి కోస్తున్నం, దాని పేరేందో సర్కారుకు తెల్వదంటే ఎట్ల" అన్నది. పొరపాటున కోయకుండా, కొంగు అంచు నుంచి ఎర్ర పేలిక చింపి ఆ పిడికెడు కాడల చుట్టూ కట్టింది.

ఇంజనీరుకు చెప్పాను. పాపం, కాదనలేదు. "వేరే మొక్క అని పై సార్లకు చూపెట్టెటట్టు ఏమన్న ఉంటే ఆ మూల వదిలేస్త మేడమ్. గని ఉత్త కాడ పట్కపోతే నన్ను ఉల్లాకు అమ్మెటోడనుకుంటరు. మిషన్ వచ్చేలోపు ఇయ్యండి" అన్నాడు.

ఆ తర్వాత నా దినచర్య ఒక్కటే. పొద్దున చెరువు, మధ్యాహ్నం క్లాసులు, సాయంత్రం మళ్లీ చెరువు. ఎర్ర పేలిక కట్టిన గడ్డి పూస్తుందా లేదా అని మా స్టాఫ్‌రూములో రోజూ అడిగేవారు, ఇంట్లో కాన్పుకు వచ్చిన కూతురి సంగతి అడిగినట్టు. కొన్ని కాడలు తెచ్చి బకెట్లో పెడితే ఫిజిక్స్ సారు ఒకటి కొరికి చూసి, కారం లేదు, ఇది ఉల్లి కాదు అని తేల్చాడు. మా కాలేజీలో ఆ మొక్క మీద జరిగిన మొదటి పరిశోధన అదే.

మొత్తానికి పూసింది. కాడ కొనకు కొంచెం కింద, పక్క నుంచి పొడుచుకు వచ్చినట్టు గోధుమ రంగు గుత్తులు. మర్నాడే మిషన్ వస్తుందనగా ఆ రోజు పొద్దున చాపలమ్మ పిడికెడూ కోసి నా చేతిలో పెట్టింది. అదే ఆ ఏటి పూత మొత్తం. ఇంకెక్కడా ఒక్క పువ్వు లేదు. కాలేజీకి తెచ్చి, వాడిపోకుండా నీళ్ల బకెట్లో పెట్టి, స్టాఫ్‌రూము అరుగు మీద నీడకు ఉంచాను. రెండు క్లాసులు చెప్పి వచ్చి తీరిగ్గా భూతద్దం కింద చూద్దామనుకున్నాను.

దసరా సెలవులకు ముందు ఆఖరి పనిదినం అది, పండుగ చివరి రోజు సద్దుల బతుకమ్మకు ఇంకా వారం ఉంది. ఆ రోజు కాలేజీలో బతుకమ్మ ఆడటం మా ఆనవాయితీ. తంగేడు, రంగు నీళ్లలో ముంచిన తెల్ల గునుగు, బంతి, కట్లపూలు, వరసగా తాంబాళంలో పేర్చి, పైన పసుపు గౌరమ్మను పెట్టి, చుట్టూ తిరిగి ఆడి, సాయంత్రం చెరువులో వదులుతారు. మాది చర్చికి పోయే కుటుంబమే అయినా ఏటా పూలు ఏరడంలో నా చెయ్యి ఉంటుంది. బోటనీ మేడమ్ ఉండగా పూల సంగతి ఇంకెవరిని అడుగుతారు. పేర్చే పెత్తనం మాత్రం మా తెలుగు లెక్చరర్‌దే. నాకు ఆప్తురాలు. బతుకమ్మ పేరిస్తే జిల్లాలో తన తర్వాతే ఎవరైనా అని ఆమె నమ్మకం, ఆ నమ్మకంలో తప్పు కూడా లేదు.

క్లాసులు అయి వచ్చేసరికి నా బకెట్ ఖాళీగా ఉంది. పక్కనే ఇంకో బకెట్, దాని నిండా గులాబీ రంగు నీళ్లు.

హాల్లోకి పోయాను. మధ్యలో పెద్ద బతుకమ్మ. కింది నుంచి రెండో వరుసలో, బంతికీ తంగేడుకూ నడుమ, మా చెరువు ఏకైక పూత మొత్తం గులాబీ రంగు పూసుకుని గుండ్రంగా కూర్చుని ఉంది. కాడలు సమానంగా కత్తిరించి మరీ పేర్చారు.

"గునుగు సాలలేదు వదినా" అన్నది తెలుగు లెక్చరర్, చేతులకు గులాబీ రంగుతో, ముఖం వెలిగిపోతూ. "నీ బకెట్ల ఉన్నయి యాదికొచ్చినయి. ఎంత ముద్దుగ వచ్చినయో సూడు. నువ్వు మనకోసమే తెచ్చినవనుకున్న."

విషయం చెప్పాను. ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నిజంగానే బాధపడింది. "అయ్యో, తీస్కో వదినా" అన్నది, వెంటనే "కాకుంటే గౌరమ్మను పెట్టేసినం" అని మెల్లగా చేర్చింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా నా చేతుల వైపు చూశారు. రెండో వరుస లాగితే పైన ఎన్ని వరుసలు కూలుతాయో నేను లెక్క వేసుకుంటున్నాను. గౌరమ్మను పెట్టిన బతుకమ్మను బోటనీ మేడమ్, అదీ చర్చి మేడమ్, పీకేసిందన్న మాట ఆ టౌనులో ఎన్నేళ్లు నిలుస్తుందో కూడా లెక్క వేసుకున్నాను. చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

ఇక మిగిలింది ఒకటే దారి. దాన్ని కంటికి దూరం కానీయకూడదు. చెరువులో వదిలేటప్పుడు ఒడ్డునే అందుకోవాలి. ఆ ఏడు నేను ఆడినంత సేపు ఎవరూ ఆడలేదు. వలయంలో తిరుగుతూ, చప్పట్లు కొడుతూ, చూపు మాత్రం రెండో వరుస మీదే. మా ప్రిన్సిపాల్ సారు అది చూసి, మేడమ్‌కు రిటైర్మెంటు దగ్గరపడి భక్తి పెరిగిందని ఎవరితోనో అన్నాడట.

చెరువు దగ్గర జాతరలా ఉంది. కట్ట వెంబడి తూము దాకా జమ్ము పట్టని సన్నటి నీళ్ల పాయ ఒకటి మిగిలి ఉంది, అందరూ అక్కడే దిగారు. బడులవాళ్లు, ఆఫీసులవాళ్లు, వాడల ఆడవాళ్లు అందరూ అదే రోజు పెట్టుకున్నారు. నేను మా బతుకమ్మ పక్కనే నీళ్లలోకి దిగి నిలబడ్డాను. గౌరమ్మను తీసి పక్కన పెట్టారు. ఇప్పుడు అందుకోవచ్చు అనుకున్నాను. తెలుగు లెక్చరర్ కూడా నాకు కనుసైగ చేసింది. అంతలో వెనక నుంచి జనం తోసుకొచ్చారు, తాంబాళం జారింది, బతుకమ్మ నీళ్లలో తేలి గాలికి పక్కకు కదిలింది. నేను రెండు అడుగులు వేశాను. మూడో అడుగుకు నీళ్లు నడుము దాకా వచ్చాయి. పట్టుచీర గాలి నిండి గొడుగులా పైకి లేచింది.

"సూడుండ్రి, బతుకమ్మను సాగనంపనీకి మేడమ్ నీళ్లల్లకు దిగింది" అని ఎవరో అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు నాకు దండం పెట్టారు. నేనేం చేయను, నేనూ పెట్టాను. గులాబీ వరుస చూస్తుండగానే వందల బతుకమ్మల్లో కలిసి మసక వెలుతురులో పోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా చీర సంగతి కాదు. పేలిక చింపి కట్టిన ఆ మనిషికి పొద్దున ఏం ముఖం చూపించాలన్నదే.

తెల్లవారగానే భూతద్దం చేతి సంచిలో వేసుకుని తూము దగ్గరికి పోయాను. మిషన్ అప్పటికే వచ్చి నిలబడి ఉంది, చెరువులోకి అది దిగే దారి ఆ మూల ఒక్కటే. ఇంజనీరు ఒక ఫోన్లో మాట్లాడుతూ ఇంకో ఫోన్ చూసుకుంటున్నాడు. చాపలమ్మ మిషన్ కంటే ముందే వచ్చినట్టుంది, కోసినంత కోసుకుందామని కొడవలి తెచ్చుకుంది. కానీ కోయడం లేదు. అందరూ చెరువు వైపే చూస్తున్నారు.

రాత్రంతా గాలి ఒకే వైపు కొట్టింది. టౌనులో వదిలిన బతుకమ్మలన్నీ కొట్టుకొచ్చి ఆ మూలలోనే ఆగాయి. గుండ్రటి కాడల మధ్య చిక్కుకుని, పసుపు, తెలుపు, ఎరుపు, ఒకదాన్ని ఒకటి ఆనుకుని నిలబడ్డాయి. కాడ కనబడని చోటు లేదు, పువ్వు లేని కాడ లేదు.

"బకెట్ దించు" అన్నాడు ఇంజనీరు.

మిషన్ నడిపేవాడు కిందికి దిగి చెప్పులు విడిచాడు. "నా తోని గాదు సార్. బతుకమ్మల మీద ఇనుప బకెట్ ఎట్ల ఏస్తం? మా అవ్వ ఇంట్లకు రానియ్యది."

"పండుగ అయినంక అందరూ తీసి పారేసేవే కద."

"పారేసేటోళ్లు పారేస్తరు. నేను దించ."

ఇంజనీరు పై సారుకు ఫోన్ చేశాడు. ఏం మాట్లాడారో వినబడలేదు కానీ చివర్లో ఇతను, "మేడమ్‌గారు కూడ నిన్న మొక్కిండ్రట సార్" అనడం విన్నాను. ఫోన్ పెట్టి మిషన్‌ను వేరే చెరువుకు పొమ్మన్నాడు, పండుగ తర్వాత చూద్దామన్నాడు. బతుకమ్మ కోసం తేవాలనుకున్న శుభ్రత బతుకమ్మ వల్లనే ఆగింది.

మిషన్ పండుగ తర్వాత మళ్లీ వస్తుంది కదా. నేను చాపలమ్మకు జరిగింది చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె కొడవలి ఒడ్డున పెట్టి నీళ్లలోకి దిగి, "ఏ రంగన్నవ్?" అని అడిగింది. కాసేపు వెతికి, మా బతుకమ్మను రెండు చేతులతో మెల్లగా ఒడ్డుకు తోసుకొచ్చింది. రంగు సగం కరిగింది కానీ రెండో వరుస చెక్కుచెదరలేదు. మా తెలుగు లెక్చరర్ పేర్పు అంత గట్టిది, ఆ మాట ఒప్పుకోవాలి.

సిమెంటు బల్ల మీద కూర్చుని గుత్తి విప్పాను. భూతద్దం కింద నల్లని నున్నటి గింజ. దాని చుట్టూ ఈకల్లాంటి నూగు, అదీ గులాబీ రంగులో. ఆ ఈకల నూగే దాని గుర్తు. పేరు దొరికింది. మొదట నవ్వు వచ్చింది, తర్వాత ఏడుపు వచ్చింది, ఇంజనీరు రెండు ఫోన్లూ జేబులో పెట్టుకుని నిలబడ్డాడు.

ఆ రోజే లెటర్ రాశాను. ఇది జమ్ము కాదు, గుండ్రటి కాడల తుంగ, ఈ ప్రాంతపు సొంత మొక్క. చౌడు నేల, మురుగు చేరని నీళ్లు, ఎండాకాలం ఎండే బురద దీనికి కావాలి. ఇది ఉన్నచోటికి జమ్ము తొందరగా రాదు, కోసేవాళ్లుంటే అసలే రాదు. గుత్తిని అట్టకు కుట్టి, అట్ట వెనక పువ్వు రంగు గోధుమ, గులాబీ మాత్రం తెలుగు శాఖ సౌజన్యం అని రాశాను. కొత్త లెక్చరరమ్మా, అట్ట తిప్పి చూడు, వెనక వైపు ఉంటుంది.

పై సార్లు ఏమనుకున్నారో తెలియదు. వాకింగు బాట మాత్రం తూము దగ్గర ఒక వంపు తిరిగింది. ఎందుకు వంకరగా ఉందని ఇప్పటికీ అడుగుతారు, బతుకమ్మ ఆగిన జాగా అని టౌనులో చెప్పుకుంటారు. నా లెటర్ ఊసు ఎవరూ ఎత్తరు. పండుగ తర్వాత మిగతా జమ్మంతా తీశారు, ఆ మూల అలాగే ఉంది.

రిటైరైన రోజు సన్మానాలు అయ్యాక, దండల బరువుతో అరుగు మీద కూర్చుని ఉంటే చాపలమ్మ వచ్చింది. చంకలో చుట్టిన కొత్త చాప. దండలన్నీ పక్కకు జరిపి నా ముందు నిలబడింది.

"ముందుగాల నాకే చెప్తనన్నవు. లెటర్ల రాసినవు గని నాకు చెప్పలే. ఏంది దాని పేరు?"

నిజమే, మర్చిపోయాను. మెల్లగా, ముక్కలు ముక్కలుగా చెప్పాను. "స్కీనోప్లెక్టస్ లిటొరాలిస్."

"మల్ల చెప్పు."

మళ్లీ చెప్పాను. ఆమె పెదాలు కదిపి ఒకసారి లోపల అనుకుని చూసింది, కుదరలేదు.

"గంత పెద్ద పేరున్నదాన్ని" అన్నది చివరికి, "ఇన్నేండ్లు కింద పరిచి కూసున్నం."

అని చాప విప్పి అరుగు మీద పరిచింది. పచ్చి వాసన గుప్పుమన్నది. ఇద్దరం దాని మీద కూర్చున్నాం.